మధ్యాహ్నపు చరిత్ర పాఠము

అమెరికాలోని యూదుల దినపాఠశాలలలో విద్యార్థులకు ఒక్క దినముననే రెండు చదువులు సాగుచుండును: హీబ్రూ భాష, తోరా యను మూలగ్రంథము, మిష్నా, తల్ముదు అను ధర్మచర్చాగ్రంథములతో కూడిన ధర్మవిద్య యొకటి, గణితము, విజ్ఞానము, సాంఘికశాస్త్రము మొదలగు లౌకికవిద్య రెండవది. పెక్కుచోట్ల ఉదయము మొదటిదానికిని, మధ్యాహ్నము రెండవదానికిని చెందుటచే, చరిత్ర పాఠము వచ్చు వేళకు పిల్లల కన్నులపై కునుకు వచ్చి వ్రాలును. (ఈ విషయమున ఏ మతమువారి బడియైనను ఒక్కటే!)

ఆ పిల్లలే ఉదయము ఎట్లు చదివిరో చూడవలెను. తల్ముదు పుటకు నడుమ మూలము. ఒక ప్రక్క పదునొకండవ శతాబ్దపు ఫ్రాన్సు దేశీయుడగు రాషీ వ్యాఖ్య. రెండవ ప్రక్క ఆయన మనుమలును, తరువాతి పండితులును ఆయనతోనే వాదమునకు దిగి వ్రాసిన తోసఫోతు. మల్లినాథుని వ్యాఖ్యతో కాళిదాసును చదివిన మనవారికి ఈ అమరిక మిక్కిలి క్రొత్త కాదు గాని, వ్యాఖ్యాతను మరియొక వ్యాఖ్యాత అదే పుటలో నిలదీయుట విశేషము. ఇద్దరేసి పిల్లలు పుస్తకముపై వంగి, బిగ్గరగా చదువుచు, ఒకరినొకరు ఖండించుకొనుచు అర్థము తేల్చుకొందురు. ఈ జంటచదువునకు ‘హవ్రూతా’ యని పేరు. అంతగా వాదించిన నోళ్లు మధ్యాహ్నము నున్నని కాగితపు చరిత్రపుస్తకము ముందు మూతపడుట నాకు వింతగా తోచును. చరిత్రను గూడ జంటచదువునకు ఈయవలెననియే నా వాదము.

దాస్యమునుగూర్చి అమెరికా రెండుగా చీలి అంతర్యుద్ధమునకు దిగిన నాటి చరిత్రనే తీసికొందము. 1862 డిసెంబరులో ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంటు తన సైనికమండలమునుండి యూదులనందరిని వెడలగొట్టుమని ఆజ్ఞాపించుటయు, మరుసటి నెలలో అధ్యక్షుడు లింకను దానిని రద్దు చేయించుటయు చెప్పుట సులభమే. తమవారికి జరిగిన అన్యాయమును ఎవరైనను శ్రద్ధగా విందురు. 1861 జనవరి 4వ తేదీ సంగతి చెప్పుటయే కష్టము. ఆ దినమున న్యూయార్కులోని బ్నై జెషురున్ ప్రార్థనామందిరమున మోరిస్ రఫాల్ అను రబ్బీ (యూదుల మతగురువు), అబ్రహాము మొదలగు పితరులకు దాసులుండిరి గదా, పది ఆజ్ఞలలోను దాసుల ప్రసక్తి యున్నది గదా, కావున దాస్యము పాపము కానేరదని ఉపన్యసించెను. దక్షిణాదివారు దాసుని మనుష్యునిగా గాక వస్తువుగా చూచుట ధర్మశాస్త్రమునకు సరిపడదని ఒక మెలికయు పెట్టెను. దాస్యము చట్టసమ్మతమైయున్న మేరీలాండులో, బాల్టిమోరు నగరమున, డేవిడ్ ఐన్‌హార్న్ అను మరియొక రబ్బీ తన జర్మను పత్రికలో రఫాల్ ఉపన్యాసమును తీవ్రముగా ఖండించెను. ఏప్రిలులో అల్లరులు చెలరేగగా, ఆయన ఊరు విడిచి ఫిలడెల్ఫియాకు తరలిపోవలసివచ్చెను.

ఇరువురి చేతిలోను గ్రంథమొక్కటే. ప్రతి సంవత్సరము పస్కా పండుగ రాత్రి చేదుకూరలు నోటబెట్టుకొని, తమ పితరులు ఐగుప్తున ఫరోకు దాసులైయుండిరని చెప్పుకొను ఇండ్లనుండి వచ్చిన పిల్లలకు ఈ వివాదము వినిపింపవచ్చునా యని పెద్దలు సంశయింపవచ్చును. ఆడిపోసుకొనువారికి మనమే మాట అందించనేల యని భయపడవచ్చును. ఆ జాతి పడిన పాట్లు తలచినచో ఆ భయమును తేలికగా త్రోసివేయలేము. అయినను మిష్నా, ఓడిన పక్షపు మాటను సైతము చెరపక భద్రపరచిన గ్రంథము. ఉదయము దానిని చదివిన పిల్లవానినుండి మధ్యాహ్నము రఫాల్ మాటను దాచుట ఏమి న్యాయము? ఒక బల్లయొద్ద ఇద్దరిని కూర్చుండబెట్టి, ఒకనికి రఫాల్ ఉపన్యాసమును, మరియొకనికి ఐన్‌హార్న్ ఖండనమును ఇచ్చి, అరగంటకు కాగితములు మార్చుకొమ్మనవలెను. కునుకు మాట అప్పుడు చూతము.