బడికి ఉచిత రవాణా – అర్హత ఎవరికి, ఎంతవరకు?

(ప్రత్యేక వ్యాసం)

ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల వయస్సు గల బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్యను రాజ్యాంగంలోని 21-ఎ అధికరణం ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ హక్కును పరిసర పాఠశాలతో ముడిపెట్టింది. పరిసరాలలో పాఠశాల లేనిచోట పిల్లలను బడికి చేర్చే ఏర్పాటు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. అయితే ఉచిత రవాణా అర్హత నిబంధనలు ఒకేచోట లేవు. విద్యాశాఖ దూరాన్ని, ఆర్టీసీ వయస్సును ప్రాతిపదికగా తీసుకుంటున్నాయి. ఈ రెండు కొలతల మధ్య మిగిలిపోతున్న విద్యార్థి ఎవరన్నది పరిశీలించదగిన అంశం.

దూరం ప్రాతిపదికగా...

చట్టం కింద 2010లో కేంద్రం రూపొందించిన ఆదర్శ నియమావళి ప్రకారం 1 నుండి 5 తరగతులకు ఒక కిలోమీటరు, 6 నుండి 8 తరగతులకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో పాఠశాల ఉండాలి. ఈ పరిధిలో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా లేదా వసతి సౌకర్యం వంటి ఏర్పాట్లు చేయాలి. నడిచి బడికి చేరలేని దివ్యాంగ బాలలకు తగిన, సురక్షితమైన రవాణా కల్పించాలని కూడా నియమావళి నిర్దేశించింది.

ఇందుకు నిధులు సమగ్ర శిక్షా పథకం ద్వారా అందుతున్నాయి. ఒక్కొక్క విద్యార్థికి సంవత్సరానికి గరిష్ఠంగా రూ.6,000 వరకు రవాణా భత్యం మంజూరు చేయవచ్చును. తొలుత 8వ తరగతి వరకే ఉన్న ఈ సదుపాయాన్ని 2021లో సవరించిన పథకంలో మాధ్యమిక తరగతులకూ విస్తరించారు. 6 నుండి 8 తరగతులకు చట్టం నిర్దేశించిన 220 పనిదినాలతో లెక్కిస్తే, గరిష్ఠ మొత్తం మంజూరైనప్పటికీ రానుపోను ఖర్చుకు రోజుకు సుమారు 27 రూపాయలు మాత్రమే లభిస్తాయి. బస్సు సౌకర్యం లేని ఆవాసంలో నలుగురైదుగురు పిల్లలు కలిస్తే తప్ప ఈ మొత్తంతో ఆటో కుదుర్చుకోవడం కష్టసాధ్యం.

వయస్సు ప్రాతిపదికగా...

ఆర్టీసీ నిబంధనల మేరకు బాలురకు 12 సంవత్సరాలు లేదా 7వ తరగతి వరకు, బాలికలకు 18 సంవత్సరాలు లేదా 10వ తరగతి వరకు, 20 కిలోమీటర్ల పరిధిలో ఉచిత బస్ పాస్ ఇచ్చే విధానం చిరకాలంగా ఉన్నది. ఆ తరువాత బాలురు రాయితీ పాస్‌కు రుసుము చెల్లించవలసి ఉంటుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం ప్రారంభం కావడంతో బాలికల విషయంలో తరగతి, దూరం అనే పరిమితులకు ప్రాధాన్యం తగ్గింది. పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ వరకు వారి ప్రయాణం ఉచితమైంది. అందువలన పాత నిబంధన ప్రభావం ఇప్పుడు ప్రధానంగా బాలురపైనే పడుతున్నది.

మధ్యలో మిగిలినవారు

విద్యాహక్కు పద్నాలుగేళ్ల వరకు ఉన్నది; బాలుర ఉచిత పాస్ పన్నెండేళ్లకు ముగుస్తున్నది. ఉదాహరణకు పాఠశాలకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో నివసించే 8వ తరగతి బాలుని తీసుకుందాం. దూరం మూడు కిలోమీటర్ల లోపు గనుక భత్యానికి అర్హుడు కాడు. 7వ తరగతి దాటినందున ఉచిత పాస్ రాదు. అదే ఇంటిలోని అక్క ఉచితంగా బస్సెక్కుతుంది. తమ్ముడు టికెట్టు కొనాలి, లేదా నడవాలి. కూలిపై ఆధారపడిన కుటుంబంలో ఈ వ్యత్యాసమే బాలుని బడికి దూరం చేసే ప్రమాదం ఉన్నది.

దూరాన్ని కొలిచే తీరు మరొక అంశం. నియమం పేర్కొన్నది నడక దూరాన్నే తప్ప పటంపై గీసిన సరళరేఖను కాదు. వాగుకు ఆవలి గట్టున కనిపించే బడికి వంతెన మీదుగా చుట్టి వెళ్ళవలసివస్తే ఆ చుట్టుదారి పొడవునే లెక్కించాలి. వరదలు, కొండచరియలు, రహదారి లేమి వంటి ప్రమాదాలున్నచోట దూర పరిమితిని తగ్గించాలని కూడా ఆదర్శ నియమావళి స్పష్టం చేసింది. ఏజెన్సీ మండలాల ప్రతిపాదనలలో ఈ నిబంధనను ప్రత్యేకంగా ఉదహరించడం అవసరం.

ప్రణాళిక – విద్యా సంవత్సరం

రవాణా భత్యానికి ఆవాసాల వారీ జాబితా సమగ్ర శిక్షా వార్షిక ప్రణాళికలో చేరాలి. ప్రణాళిక ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి సంబంధించినది. పాఠశాలలు తెరిచేది జూన్‌లో. జాబితా సిద్ధమైన తరువాత ఒక పాఠశాల మూతపడినా, తరగతులు మరొకచోటికి మారినా ఆ మార్పు అందులో కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించడం, 2025లో ఆ విధానాన్ని ఉపసంహరించడం ఇటువంటి మార్పులే. ఇల్లు మారకున్నా బడి దూరం మారింది.

కావున పాఠశాలల పునర్వ్యవస్థీకరణ ఉత్తర్వులతో పాటే రవాణా అర్హుల జాబితాను సవరించడం, మండల విద్యాశాఖాధికారి, ఆర్టీసీ డిపో మేనేజరు కలిసి బడివేళలకు బస్సుల సమయాలను సరిచూడటం తక్షణం చేయదగిన పనులు. బాలుర ఉచిత పాస్ పరిమితిని పద్నాలుగేళ్లకు, అనగా 8వ తరగతి పూర్తయ్యే వరకు పొడిగించడం విధాన నిర్ణయం. అది జరిగిన నాడు విద్యాహక్కు వయస్సు, బస్ పాస్ వయస్సు ఒకటవుతాయి.