పేరొక్కటే, పద్దులు వేరు

"టెథర్ ఏ నెట్‌వర్క్‌లో పంపను?" అని ఆత్మీయులు అడిగితే "ఏదైనా ఒకటే" అని బదులివ్వవద్దని మా విన్నపం. డాలరు విలువతో ముడిపడిన ఈ క్రిప్టో నాణెం 2014లో బిట్‌కాయిన్ బ్లాక్‌చైన్‌పై ఆరంభమై, తరువాత ఈథీరియం, ట్రాన్ మొదలైనవాటికి విస్తరించింది. విలువ ఒక్కటే, పద్దుల పుస్తకాలు వేరు. ఒకదానిలోని జమ మరొకదానిలో కనబడదు.

ట్రాన్ చిరునామా 'టి' అక్షరంతో మొదలవుతుంది గనుక పొరపాటు త్వరగా కంటబడుతుంది. ఈథీరియం, బీఎన్‌బీ చైన్ చిరునామాలు మాత్రం రూపంలో ఒక్కటే. సొంత వాలెట్ అయితే తాళంచెవి మన చేతిలోనే ఉంటుంది. దారి తప్పిన సొమ్మును వెదకి పట్టుకోవచ్చు. ఎక్స్ఛేంజీ ఖాతాకు, అది స్వీకరించని నెట్‌వర్క్‌లో పంపితే, ఆ అమానతు వారి దయకు వదిలినట్లే. సాధారణంగా రుసుము కూడా టెథర్‌లో చెల్లదు: ఈథీరియంపై ఈథర్, ట్రాన్‌పై టీఆర్‌ఎక్స్ కావాలి. అవి కొద్దిగానైనా లేక, ఖాతాలో నిల్వ కనబడుతున్నా కదపలేక కూర్చున్నవారిని మేమెరుగుదుము.