వేసిన లెక్క సరే, చూసిన లెక్కేదీ?

1965లో లిప్పిస్ లూప్ వచ్చిన నాటి నుంచీ కుటుంబ నియంత్రణ కార్యక్రమానికి తెలిసిన లెక్క ఒక్కటే: ఎందరికి వేశాం? 1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. తర్వాత కాన్పు కాగానే కాపర్-టి వేయిస్తే ఆశా కార్యకర్తకు కేసుకి 150 రూపాయలన్నారు. బాగానే ఎత్తేశారు!

కాపర్-టియే జబ్బు తెస్తుందని మేమనడం లేదు. ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఎక్కువగా వేసిన మొదటి మూడు వారాల్లోనే. గర్భాశయ ముఖద్వారంలో అప్పటికే ఉన్న సుఖవ్యాధి క్రిములు పైకి పాకి ట్యూబులు చెడగొడతాయి. అందుకే ముందు పరీక్ష కావాలి, తర్వాత మళ్ళీ చూడాలి. తెల్లబట్ట అవుతోందన్న మనిషిని బల్ల ఎక్కించి మరీ వేసి పంపితే తప్పు పరికరానిదా?

380-ఎ రకం గడువు పదేళ్ళు. ఏళ్ళ తరబడి లోపలే మరచిపోతే ఆక్టినోమైసిస్ అనే క్రిమి చేరి, అరుదుగానైనా, పొత్తికడుపులో చీముగడ్డ కట్టవచ్చు. నొప్పంటే "అలవాటవుతుందిలేమ్మా", తీయమంటే "మీ ఆయన్ని తీసుకురా". తీయించుకోవడానికి మొగుడి అనుమతి ఏ చట్టం అడిగింది?

వేసిన తేదీ, తీయాల్సిన ఏడాది రాసిన కార్డు ఇవ్వాలని సర్కారు నిబంధనే ఉంది. మీ మండలంలో ఎందరి చేతుల్లో ఆ కార్డుందో ఈ నెలే అడిగి రాసుకోండి. ఆ కాగితాలతోనే జిల్లా వైద్యాధికారి దగ్గరికి పోదాం.