లైసెన్సుల లెక్క ఎక్సెల్ షీటుతో తేలదు

హైదరాబాద్‌లో, పుణేలో, డల్లాస్‌లో ఆఫీసులు. లైసెన్సుల లెక్కకి మాత్రం ఒకటే ఎక్సెల్ షీటు! "మీ మెషీన్‌లో ఏమేం ఉన్నాయో నింపి పంపండి" అని మెయిలొస్తే అందరూ పాతదే కాపీ కొట్టి పంపేస్తారు. దీన్ని ఇన్వెంటరీ అంటారా?

2023 జనవరిలో ఒరాకిల్ జావా లైసెన్సు పద్ధతి మార్చింది. వాడేవాళ్ళని కాదు, కాంట్రాక్టర్లతో సహా కంపెనీలో అందరి తలలూ లెక్కేస్తుంది. అప్పుడు ప్రకటించిన ధర 999 మంది వరకు మనిషికి నెలకి 15 డాలర్లు. అంటే 500 మంది ఉన్న కంపెనీలో లైసెన్సు కావాల్సిన వెర్షన్ ఏ పది మెషీన్లలో వాడినా ఏడాదికి 90,000 డాలర్లు. ఓపెన్‌జేడీకే ఉచితంగా దొరుకుతుండగా!

తీరా ఆడిటొచ్చాక "ఎవడు డౌన్‌లోడ్ చేశాడు?" అని డెవలపర్ మీద పడతారు. ఏ మెషీన్‌లో ఏముందో రోజూ చెప్పే స్క్రిప్టు పెట్టించడం ఎవరి పని సార్? మేనేజ్‌మెంటుది కాదూ?