కొన్న సేనాధిపత్యము

చలికాలమున మన పట్టణవాసులు తొడుగు, ముందు బొత్తాములుగల ఉన్నిచొక్కాకు కార్డిగన్ అని పేరు. ఆ పేరు ఏడవ కార్డిగన్ ప్రభువగు జేమ్స్ బ్రూడినెల్‌ది. 1854 అక్టోబరు 25వ తేదీన క్రిమియాలోని బాలక్లావాయందు రష్యను ఫిరంగులకెదురుగా తేలిక అశ్వికదళమును నడిపినవాడితడే. టెన్నిసను పద్యము మూలమున ఆ దాడిని మన బాలురును కంఠస్థము చేసిరి. కాని ఆ దళము ఇతని చేతికెట్లు వచ్చెనో పద్యము చెప్పదు.

ఆ కాలమున బ్రిటిషు రాజసైన్యమున కాల్బలములందును అశ్వికదళములందును అధికారపదవులు విక్రయవస్తువులు. లెఫ్టినెంటు కర్నలు పదవి వఱకు ప్రభుత్వమే ధర నిర్ణయించెను. చాటుగా చేతులు మాఱినది అంతకెక్కువ. ఫిరంగిదళమున మాత్రమీ బేరము లేదు. ఫిరంగి వంశమును విచారించి పేలదు గదా! 1797లో జన్మించిన బ్రూడినెల్ 1824లో సైన్యమున చేరి, ఒక్క యుద్ధమైనను చూడకయే 1832 నాటికి ఒక రెజిమెంటునకు అధిపతియయ్యెను. 1834లో తన క్రింది కాప్టెనుపై మోపిన నేరములు సైనికన్యాయస్థానమున నిలువకపోగా ప్రభువే పదవి గోల్పోయెను. రెండేండ్లకే, నలువదివేల పౌనులని జనులు చెప్పుకొన్న మూల్యమునకు, 11వ అశ్వికదళమును సంపాదించెను.

ఆ దళమప్పుడు భారతదేశమునందుండెను. 1826లో భరతపూరు కోటను పట్టిన సేనలో నిదియు నొకటి. 1837లో ప్రభువు వచ్చి, కొలదివారములు దళముతోనుండి, పులులను వేటాడి వెడలిపోయెను. పిమ్మట ఇచట ఏండ్లకొలది పనిచేసిన తన యధికారులను ‘ఇండియను అధికారు’లని యీసడించెను. వారును తెల్లవారే, మన యెండను కాగుటయే వారి దోషము! 1840లో ఒకడు భోజనపుబల్లపై నల్లసీసా నుంచెనని నిర్బంధించెను. ఆ యేడే తన దళమునందు పూర్వము పనిచేసిన టకెట్‌ను ద్వంద్వయుద్ధమున గాయపఱచెను. ప్రభువులను ప్రభువులే విచారించు ఆచారమునుబట్టి 1841లో ప్రభువుల సభయే న్యాయస్థానమయ్యెను. అభియోగపత్రమందలి పూర్తినామము గాయపడినవానిదేయని రుజువు కాలేదని విడిచిపుచ్చిరి. ఆ వసంతమున ఈస్టరు ఆదివారము, ప్రార్థన ముగియగానే, ఒక సామాన్యసైనికుని కొరడాలతో కొట్టించెను. వాని పూర్తినామమును గూర్చి యెవరికిని సందేహము కలుగలేదు.

ఇట్టివానికి క్రిమియాలో ఒక బ్రిగేడు నప్పగించిరి. పై యధికారి లూకను ప్రభువు, ఇతని చెల్లెలి భర్త; బావమఱదులకు బద్ధవైరము. కొండపైనుండి రాగ్లాను ప్రభువు పంపిన అస్పష్టపుటుత్తరువును వీరిరువురు నెమ్మదిగా విమర్శించుకొనియుండినచో పొరపాటు తేలెడిది. మూడు వైపుల ఫిరంగులున్నవని కార్డిగన్ చెప్పకపోలేదు; లూకను ఉత్తరువే ఉత్తరువనెను. సుమారు 670 మంది రౌతులు కదలిరి. 110 మంది వఱకు మడిసిరి, గుఱ్ఱములు మూడువందలకు పైగా కూలెను. కార్డిగన్ పిఱికివాడు కాడు. అందఱికన్న ముందు ఫిరంగులను చేరెను. చేరినపిదప, బంట్లతో కలిసి పోరాడుట సేనాపతి పనికాదని, వారినక్కడనే వదలి మరలెను. సైనికులు గుడారములలోనుండగా ఆయన నివాసము రేవులోని సొంత విహారనౌక.

1855లో స్వదేశము చేరిన ఇతనికి జనులు జేజేలు పలుకగా, ప్రభుత్వము అశ్వికదళముల పరీక్షాధికారిగా నియమించెను. సేనాధిపత్యమునకు అర్హత వలయునని, అది భారతీయులకింకను రాలేదని చెప్పి, 1917 వఱకు మనవారికి యుద్ధదళములందు రాజుగారి పూర్తి కమీషను నీయనివారు ఈ నియామకము చేసినవారి వారసులే. ముప్పదియేండ్లు సేవించిన మన సుబేదారు నిన్న వచ్చిన తెల్లబాలునకు సలాము చేయవలసియుండెను.

1868లో కార్డిగన్ గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. 1871లో గ్లాడ్‌స్టను మంత్రివర్గము పదవుల విక్రయమును మాన్ప బూనగా ప్రభువుల సభ అడ్డుపడెను. తుదకు రాణి యాజ్ఞాపత్రముచే మాన్పిరి. పదవులు కొన్న అధికారులకు ఖజానానుండి పరిహారము చెల్లించిరి. బాలక్లావా రౌతులలో మిగిలినవారు కొందఱు వృద్ధాప్యమున కూటికి లేకయుండగా, 1890లో వారికొఱకు ప్రజలు చందాలు పోగుచేయవలసివచ్చెను.