చెరువు అందరిదీ... కాపలా ఒక్కడిదేనా?

పొద్దున్నే ఫోన్లో రైలు టికెట్ బుక్ చేశారు. కరెంటు బిల్లు కట్టారు. అమెరికాలో ఉన్న అబ్బాయితో వీడియోకాల్ మాట్లాడారు. టికెట్ డబ్బులో, ప్రకటనల డబ్బులో... ఏదో రూపంలో కంపెనీలకు ముట్టాల్సింది ముట్టింది. కానీ ఇలాంటి పనులు సాఫీగా సాగడానికి తెరవెనక నడిచే ప్రోగ్రాముల్లో కొన్నింటిని ఏళ్ల తరబడి బాగుచేస్తున్నవాళ్లకు పైసా రాదు!

వాటినే ‘ఓపెన్ సోర్స్’ అంటారు. రాసినవాళ్లు తమ ప్రోగ్రామును తాళం వేసి దాచుకోరు. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. చిన్న దుకాణం నుంచి గూగుల్, మైక్రోసాఫ్ట్‌ల దాకా అందరూ వాడేవారే. అందులో తప్పేం లేదు, ఇచ్చినవాళ్లే వాడుకోమన్నారు. చిక్కల్లా ఆ తర్వాతే. సాఫ్ట్‌వేర్ ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదు, చెరువుకట్ట లాంటిది. గండి పడకుండా ఎవరో ఒకరు నిత్యం కనిపెట్టుకుని ఉండాలి. లినక్స్‌లాంటి పేరున్నవాటికైతే కంపెనీలే జీతాలిచ్చి మనుషుల్ని పెడతాయి. కంటికి ఆనని చిన్నవాటి సంగతే ఎవరికీ పట్టదు.

ఏడాదికి రెండువేల డాలర్లు

2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. మన పాస్‌వర్డు, కార్డు నంబరు దారిలో ఎవరూ చదవకుండా గుట్టుగా చేరవేసే ‘ఓపెన్ఎస్ఎస్ఎల్’ అనే ప్రోగ్రాములో ఉందది. రెండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. బ్యాంకులు, పెద్దపెద్ద వెబ్‌సైట్లు దానిమీదే ఆధారపడ్డాయి. తీరా ఆరా తీస్తే... దానికి పూర్తిస్థాయిలో పనిచేస్తున్నది ఒకే ఒక్క మనిషి. ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు రెండువేల డాలర్లు. అప్పటి లెక్కలో లక్షా ఇరవైవేల రూపాయలు!

అప్పుడు ఉలిక్కిపడ్డాయి కంపెనీలు. లినక్స్ ఫౌండేషన్ ద్వారా గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, అమెజాన్‌లాంటివి తలా ఏటా లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నాయి. మంచిదే. కాకపోతే గండి పడ్డాక!

24 గంటల్లో జవాబివ్వాలట!

స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ ‘కర్ల్’ అనే ప్రోగ్రాము రాశాడు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని ఇక్కడినుంచి అక్కడికి చేరవేయడం దాని పని. ఫోన్లు, టీవీలు, కార్లు... అన్నింట్లోనూ ఉంటుంది. 2021 డిసెంబరులో ‘లాగ్‌ఫోర్‌జే’ అనే మరో ఉచిత ప్రోగ్రాములో పెద్ద లోపం బయటపడి ప్రపంచమంతా గగ్గోలెత్తింది. మరుసటి నెలలో ఓ బడా కంపెనీ నుంచి స్టెన్‌బర్గ్‌కు ఈమెయిల్ వచ్చింది. మీ ప్రోగ్రాములో ఆ లోపం ఉందా, ఏం చర్యలు తీసుకున్నారు, 24 గంటల్లోగా చెప్పాలంటూ ప్రశ్నల చిట్టా! ఆ కంపెనీ ఆయనకు ఒక్క డాలరు ఇచ్చింది లేదు. పైగా కర్ల్‌కీ ఆ లోపానికీ సంబంధమే లేదు. ఒప్పందం కుదుర్చుకుంటే సంతోషంగా జవాబిస్తానని మర్యాదగా తిరుగుటపా పంపాడాయన.

అర సెకను ఆలస్యం

డబ్బు ఒక్కటే కాదు, అలసట కూడా ప్రమాదమే. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్రోగ్రాము ఎన్నో లినక్స్ కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్లుగా మోస్తున్నది ఫిన్లాండ్‌కు చెందిన లాసే కాలిన్ ఒక్కడే. ‘మార్పులు ఎప్పుడు చేస్తావ్’ అంటూ కొందరు సతాయిస్తుంటే, మానసిక ఆరోగ్య సమస్యల వల్ల అంతగా పట్టించుకోలేకపోతున్నాననీ ఇది జీతం లేని పనేననీ 2022లో మొరపెట్టుకున్నాడు. అప్పటికే ‘జియా టాన్’ పేరుతో ఒకరు సాయానికి వచ్చి ఉన్నారు. నమ్మకంగా పనిచేసి, చివరికి తాళంచెవులు సంపాదించారు. 2024 మొదట్లో అందులో దొంగదారి పెట్టేశారు. కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడేందుకు!

ఆ ఏడాది మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు తన కంప్యూటర్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని కూపీ లాగాడు. దొంగ దొరికిపోయాడు... కాదు, దొంగదారి దొరికింది. అసలు మనిషెవరో నేటికీ తేలలేదు. ఆ అర సెకనును ఆయన పట్టించుకోకపోయి ఉంటే?

మేర కొలవాలి

మన పల్లెల్లో చెరువు నీళ్లు అందరివీ. తూము తీసి పొలాలకు నీళ్లు పంచి, వానాకాలం రాత్రుళ్లు కట్టమీద కాపుండేది మాత్రం నీరటి. అతని కష్టాన్ని ఊరు ఉచితంగా తీసుకోలేదు. పంట కల్లానికి రాగానే అతని వంతు ధాన్యం కొలిచి ఇచ్చేది. దాన్నే ‘మేర’ అనేవారు. గండి పడిన ఏడాదే కాదు... ఏటా!

ఇప్పుడిప్పుడే కొందరు ఆ దారి పడుతున్నారు. ఇలాంటి ప్రోగ్రాముల కోసమే జర్మనీ ప్రభుత్వం 2022లో ప్రత్యేక నిధి పెట్టింది. బెంగళూరు కంపెనీ జెరోధా ఏటా పది లక్షల డాలర్లు ఇస్తామని 2024లో ప్రకటించింది. లాభాలు గడిస్తున్న మిగతా కంపెనీలకూ ఇది పెద్ద భారమేమీ కాదు.

మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నారా? అయితే ఈ ఆదివారం భోజనాల దగ్గర ఒక్క మాట అడిగి చూడండి. ‘మీ కంపెనీ ఉచితంగా వాడుకుంటున్న ప్రోగ్రాములేంటి? వాటిని కాపాడుతున్నదెవరు? వాళ్లకు మీరేమిస్తున్నారు?’

మూడో ప్రశ్నకు జవాబు వస్తే ఫరవాలేదు. రాకపోతే... సోమవారం ఆఫీసులో ఆ ప్రశ్న వేయమనండి!