పసిబిడ్డ బొడ్డు తడి ఆరకపోతే

తల్లి గర్భంలో శిశువు మూత్రాశయం నుండి బొడ్డు వరకు యురేకస్ అనే సన్నని గొట్టం ఉంటుంది. సాధారణంగా పుట్టకముందే అది మూసుకుపోయి నారవలె మిగులుతుంది. అరుదుగా మూసుకోకపోతే బొడ్డులోనుండి మూత్రం ఊరుతుంది. మధ్యభాగం మాత్రమే మిగిలితే నీటితిత్తి ఏర్పడుతుంది. చీము పట్టి బొడ్డు క్రింద నొప్పి, వాపు, జ్వరం వచ్చేవరకు చాలామందికి దాని సంగతే తెలియదు.

బిడ్డకు బొడ్డు ఊడిన తరువాత వారాల తరబడి తడి ఊరుతుంటే పసుపు, బూడిద అద్ది ఊరుకొనవద్దని తల్లులను, అమ్మమ్మలను బ్రతిమాలుకొనుచున్నాము. డాక్టరుకు చూపించండి. స్కానింగులో తెలుస్తుంది. కొందరు పసివారికి దానంతటదే మూసుకుంటుంది, కొందరికి ఆపరేషను కావాలి.

పెద్దలలో ఈ మిగులు భాగంలో బహు అరుదుగా క్యాన్సరు పుడుతుంది. నొప్పి లేకున్నా, మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా, సిగ్గుపడి దాచవద్దు.